ఉప్పక్క పెంచిన స్ఫటికం

“ఊపిరి కూడా మెల్లిగా పీల్చు మరిదీ! ఆ బల్ల కదిలిందో, మూడు నెలల పని బూడిదలో పోసిన పన్నీరే.”

మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అంది వదిన. ఇరవై రెండేళ్లుగా ఆ చలిగదిలో, స్వెట్టరు మీద తెల్లకోటు తొడుక్కుని, ప్రొటీన్లను స్ఫటికాలుగా పెంచడం ఆమె ఉద్యోగం. ఆమె ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు ఇచ్చి పోదామని వచ్చిన నేను ఎప్పటిలాగే స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను.

ఈసారి పెంచుతున్నది ఒక ఎంజైము.

“కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుందా? బయటినుంచి పిలుపు రాగానే ఇది ఆ పొరలోని కొవ్వు అణువునొకదాన్ని పట్టుకుని పుటుక్కున రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క పొరలోనే ఉండిపోతుంది. రెండోది లోపలికెళ్లి కబురు చెబుతుంది. మీ అన్నయ్యలా కాదు, చెప్పింది చెప్పినట్టే!”

ఆ కొవ్వు ఇమిడే గుంట ఎలా ఉంటుందో చూడాలని వీళ్ల ఆరాటం. మంచి స్ఫటికం దొరికితే, దాని గుండా ఎక్స్‌రేలు పంపి ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కగడతారు. ఆ యంత్రం దగ్గర వీళ్ల వంతు ఎల్లుండే. తప్పితే మళ్లీ ఏడాదికి.

మైక్రోస్కోపు కింది ట్రేలో, ప్రొటీను కలిపిన ద్రావణం బొట్టులో రెండు మెరుపులున్నాయి. ఒకటి కాస్త పెద్దది, ఒకటి నలుసంత.

“ఉప్పయితేనో?” అన్నాను.

వదిన పకపకా నవ్వింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే ఏదో మెరిస్తే భవనమంతా పిలిచి చూపించిందట. చప్పట్లన్నీ అయ్యాక తేలింది, అది ద్రావణంలోని ఉప్పు గడ్డకట్టిందని. ఆ రోజునుంచి పెద్దసారు మొదలు స్వీపరు దాకా అందరికీ ఆమె ఉప్పక్కే. అసలు పేరుతో పిలిస్తే ఓ పట్టాన పలకదు.

“కళ్లను నమ్మకూడదని అప్పుడే బుద్ధొచ్చింది. సూది తగిలితే ఉప్పు మొండికేసి టక్కున విరుగుతుంది. ప్రొటీనులో సగం నీళ్లే, మెత్తగా చితుకుతుంది. కాకపోతే పొడిచి చూసింది మళ్లీ పనికిరాదు. అందుకే చిన్నదాన్ని వదులుకుంటున్నా.”

మణికట్టు బల్లకు ఆనించి సూది దించింది. నాకు కనిపించేవి ఆమె పెదవులే. అవి బిగుసుకున్నాయి. తర్వాత మెల్లగా విచ్చుకున్నాయి.

“మీగడలా చితికింది మరిదీ! పెద్దది దీని తోబుట్టువే, అవే అంచులు. మిగతాది ఆ యంత్రం చెబుతుందిలే.”

ట్రే మీద మూత సర్ది, అప్పుడు నావైపు తిరిగింది.

“కిందికెళ్లి పెద్దసారుకి చెప్పు, ఈసారి ఉప్పు కాదని. చెప్పింది చెప్పినట్టే చెప్పు, మీ అన్నయ్య తమ్ముడివని నిరూపించుకోకు. పరుగెత్తకు, మెట్లు అదురుతాయి. ఆ తలుపు మెల్లిగా వెయ్యి.”