పాత మట్టిలో సర్కారు తుమ్మ

2020 అక్టోబరు. సూరత్‌లో మా ల్యాబ్ మళ్లీ తెరిచిన కొత్తల్లో, మైక్రోస్కోపు కింద సర్కారు తుమ్మ పుప్పొడి కనిపించగానే స్లైడు తీసి, మళ్లీ పెట్టి చూశాను. ఆ మట్టి పొర ఎన్నో వందల ఏళ్ల కిందటిది. ఆ తుమ్మ మన దేశానికి వచ్చింది ఇంగ్లీషువాళ్ల కాలంలో.

నా పని తాపీ ఒడ్డున తీసిన కోర్‌ను చదవడం. కోర్ అంటే నేలలోకి గొట్టం దించి పైకి లాగిన నిలువు మట్టి. పొరపొరలో చిక్కుకున్న పుప్పొడిని లెక్కపెట్టి కంప్యూటర్ మోడల్‌కు ఇస్తాను. కొన్ని చెట్లు పుప్పొడిని గుప్పిస్తాయి, కొన్ని పొదుపుగా రాలుస్తాయి. ఆ తేడా సరిచేసి, అప్పట్లో అడవి ఎంత, సాగునేల ఎంత అన్నది మోడల్ అంచనా వేస్తుంది.

లాక్‌డౌన్‌లో ల్యాబ్ మూసేస్తే, పొరలవారీగా ఆ మట్టి నింపిన ట్యూబులను అడాజన్‌లోని మా ఫ్లాట్‌కు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంట్లో నాలుగేళ్ల మా అబ్బాయి చింటూ. కింద మా అపార్ట్‌మెంట్ సొసైటీ గోడ పక్కన సర్కారు తుమ్మలు, వాడి ఆటంతా అక్కడి మట్టిలోనే. ఆ చెట్ల పుప్పొడి పడ్డ ఆ మట్టి ట్యూబుల్లో కలిస్తే కోర్ మొత్తం పనికిరాదు. కరోనా రోజుల్లో మళ్లీ తవ్వనివ్వరు. నా ఉద్యోగమూ దాంతోనే పోతుంది.

"తమ్ముడు ఫ్రిజ్‌లో డబ్బాలు తెరిచాడా?" అని కూతుర్ని అడిగాను.

"నాకేం తెల్సు మమ్మీ? వాణ్నే పూఛో," అని తమ్ముణ్నే అడగమంది.

"నహీ ఖోలా," తెరవలేదన్నాడు చింటూ. చాక్లెట్ల డబ్బా తెరిచినప్పుడు కూడా వాడు అలాగే అంటాడు.

దసరా సాయంత్రం సూరత్‌లోనే ఉన్న బమ్రోలి నుంచి మామయ్య వచ్చారు. మరమగ్గాల మీద పనిచేసే మనిషి. మా తెలంగాణ అలవాటు ప్రకారం జమ్మి ఆకు నా చేతిలో పెట్టారు.

"బంగారం తీస్కో బిడ్డా. ఏంది, పండుగ పూట మొకం గిట్ల పెట్టినవ్? మాస్కు ఏస్కొనే తెంపిన, భయపడకు!"

"ఇక్కడ జమ్మి ఎక్కడ దొరికింది మామా?"

"పొలం గట్టు మీద. నీకోసం ఊరి నుంచి తెస్తననుకున్నవా?"

నా చూపు ఆకు మీదే నిలిచిపోయింది. జమ్మి, సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలు, పుప్పొడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. జమ్మి ఎప్పటినుంచో ఇక్కడిదే. రోజూ చూస్తాను కాబట్టి నాకు ముందు ఇంటి కింది చెట్టే తట్టింది.

లెక్కలు మళ్లీ తెరిచాను. మట్టి కలిసి ఉంటే ఏవో రెండు ట్యూబుల్లో ఉన్నట్టుండి కనిపించాలి. ఇది కింది నుంచి పైకి పొరపొరకూ మెల్లగా పెరుగుతోంది, ధాన్యపు పుప్పొడితో పాటే. జమ్మి అని పేరు మార్చి మోడల్ నడిపాను. అడవి తగ్గింది, పొలాలు పెరిగాయి, పొలాల్లో జమ్మి మిగిలింది. ఫోన్‌లో మా రీసెర్చ్ గైడ్ విని, "ఇది పొసగుతుందమ్మా. ఇక పండగ చేసుకో," అన్నారు. నేను వంటగదిలో నేల మీదే కూలబడి నవ్వాను.

మనం ఏ పేరు పెడితే మోడల్ ఆ పేరునే నమ్ముతుంది. ఇప్పుడు ఏ రేణువుకు పేరు రాయాలన్నా ముందు దాని చుట్టాలందరినీ తలచుకుంటాను.

మర్నాడు పొద్దున పాలు తాగుతున్న పిల్లలతో చెప్పాను: "ఒకప్పుడు ఇక్కడివాళ్లు అడవి కొట్టి పొలాలు చేసుకున్నా, జమ్మిచెట్లను మాత్రం ఉంచుకున్నారు. మట్టిలో ఉన్నది ఆ చెట్ల పుప్పొడే. చింటూ, నువ్వేం కలపలేదురా నాన్నా."