మైకు మీద స్టీలు గ్లాసు

ఆయన్ని ఎదురుగా ‘కెప్టెన్ గారూ’ అనేవాళ్ళు, చాటుగా ‘స్టీలుగ్లాసు’ అనేవాళ్ళు. కాగితం కప్పులో తాగితే టీ తాగినట్టే ఉండదని, ఎక్కడికెళ్ళినా సంచిలో ఒక స్టీలు గ్లాసు పెట్టుకునేవాడు. అది వాళ్ళ నాన్నది. నాన్న లారీ డ్రైవరు. ఆ గ్లాసు పక్కన పెట్టుకుని ఎంత దూరమైనా తోలేవాడట. “బండి పట్టినోడు నిద్ర సంగతి ఎత్తకూడదురా” అని కొడుక్కి చెబుతుండేవాడు. కొడుకు లారీ కాదని విమానం పట్టాడు గానీ, ఆ మాటని మాత్రం వదల్లేదు.

కంపెనీ చిన్నది. విమానాలు తక్కువ, నడిపేవాళ్ళు ఇంకా తక్కువ. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పెళ్ళయినా ముందు ఫోను మోగేది స్టీలుగ్లాసు ఇంట్లోనే. చేసేది డ్యూటీలు వేసే మేనేజరు. “అన్నా, నువ్వు రాకపోతే ఇవాళ బండి లేవదన్నా” అనేవాడు. ఆ ‘అన్నా’ చెవిన పడితే చాలు, ఈయన కంచం ముందు నుంచైనా లేచి చొక్కా తొడుక్కునేవాడు.

“సొంత తమ్ముడు పిలిచినా ఇంత పరుగుండదు” అనేది భార్య.

“నీ తమ్ముడు పిలిస్తే ఎందుకెళ్తానే? మూటలు మోయడానికా?” అనేవాడు.

భార్య తమ్ముడు అదే విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే లోడరు. బావ విమానం ముక్కులో కూర్చుంటే, బామ్మర్ది విమానం కడుపులో దూరి పెట్టెలు సర్దేవాడు. ఇద్దరికీ ఒకరిని ఒకరు దెప్పుకోకపోతే పొద్దు గడవదు.

“మాకు సంఘం ఉంది బావా. దిగే టైముకి దిగుతాం, కూర్చుని అన్నం తింటాం. నువ్వు మబ్బుల్లో తిరుగుతావు, తినడం మాత్రం గుమ్మంలో నిలబడి.”

“నాకు సంఘమెందుకురా? నేనేమన్నా కూలీనా?”

“కాదులే. కూలీకైతే ఆదివారముంటుంది.”

ఇలా నవ్వుకుంటుండగానే పైలట్లలో కూడా సంఘం మాట లేచింది. లేపింది ఒక కో-పైలట్ అమ్మాయి. విమానంలో కెప్టెన్ పక్క సీటు ఆమెది. చిన్న వయసు, సన్నటి గొంతు, కానీ పట్టుకున్న మాట వదిలే రకం కాదు. కుర్రవాళ్ళు సరేనన్నారు. పెద్ద కెప్టెన్లు ముఖం చిట్లించారు. తేల్చుకోవడానికి ఒక సాయంత్రం కలుద్దామనుకున్నారు. పైలట్ల మీటింగంటే కంపెనీకి జడిసి ఎవరూ గది ఇవ్వలేదు. చివరికి లోడర్ల సంఘం వాళ్ళే తమ హాలు ఇచ్చారు.

ఆ సంగతి మేనేజరు చెవిన పడింది. “అన్నా, నువ్వెళ్ళి నాలుగు ముక్కలు చెప్పు. నీ మాటకి ఎదురెవరు? కొత్తవాళ్ళకి నేర్పే పెద్ద కుర్చీ ఖాళీ అవుతోంది, అది నీదే అనుకో” అన్నాడు. ఆ కుర్చీ కోసం స్టీలుగ్లాసు ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. “నేను చూసుకుంటాలే” అని మాటిచ్చాడు.

మీటింగు రోజు పొద్దున్నే మళ్ళీ ఫోను. ముందు రోజంతా నడిపి వచ్చినవాడు, ఒళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరాడు. పక్క సీట్లో ఎవరా అని చూస్తే ఆ అమ్మాయే.

విమానంలో వీళ్ళకొక పద్ధతుంది. నడిపే పని చేతులు మారేటప్పుడు తీసుకునేవాళ్ళు ‘నా చేతికొచ్చింది’ అనాలి, ఇచ్చేవాళ్ళు ‘నీ చేతిలోనే ఉంది’ అనాలి. రెండు నోళ్ళ నుంచీ వస్తేనే మారినట్టు. స్టీలుగ్లాసు నోట ఆ రెండో మాట విన్నవాళ్ళు లేరు. ఆ అమ్మాయి ఎన్నిసార్లు పక్కన కూర్చున్నా, విమానం దింపడం ఒక్కసారైనా ఆమెకివ్వలేదు. “చూస్తూ నేర్చుకో అమ్మాయీ” అనేవాడు, అంతే.

ఆ పొద్దున జనమంతా ఎక్కి కూర్చున్నారు. ముందు తలుపు ఇంకా వెయ్యలేదు, మెట్లు తియ్యలేదు. పైన మబ్బు బాగాలేదు, ఆగమని టవరు నుంచి కబురొచ్చింది. ఆయన ప్రయాణికులతో మాట్లాడే మైకు తీసి, బటన్ నొక్కి, “ఇంకాసేపు ఓపిక పట్టాలి, క్షమించండి” అని తియ్యగా చెప్పి, మైకుని సీట్ల మధ్య పడుకోబెట్టాడు. ఎయిర్ హోస్టెస్ టీ తెచ్చింది. గ్లాసులో పోయించుకుని రెండు గుక్కలు తాగి, ఒలక్కుండా ఉండాలని దాన్ని మైకుకి ఆనించి పెట్టాడు.

“సార్, సాయంత్రం మీటింగుకి వస్తున్నారా?” అంది అమ్మాయి.

“వస్తా. మీ తిక్క కుదర్చడానికే వస్తా. సంఘాలూ గింఘాలూ మనకెందుకమ్మాయీ?”

“మీ కళ్ళు చూసుకున్నారా సార్? చింతనిప్పుల్లా ఉన్నాయి. నిన్న పడుకున్నారా?”

“పడుకోవడమా! మొన్నట్నుంచి నడుం వాల్చలేదు. వచ్చానా లేదా?”

“పోనీ, ఈ ట్రిప్పు మనవల్ల కాదని చెప్పేద్దాం సార్.”

“చాల్లే! మగాణ్ణి పట్టుకుని నిద్రొస్తోందని చెప్పమంటావా? పోయిన వారం దిగేటప్పుడు రెప్ప పడిపోయింది. చక్రాలు నేలకి తగిలాక మెలకువొచ్చింది. పక్కనున్న కుర్రాడికే తెలీలేదు, ఇంక వెనకున్నోళ్ళకేం తెలుస్తుంది? చప్పట్లు కొట్టి మరీ దిగిపోయారు!” అని పడీ పడీ నవ్వాడు.

అమ్మాయి నవ్వలేదు. నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది. అప్పుడు ఆయనకి ఒకటి తోచింది. వెనక నుంచి చప్పుడే లేదు. పిల్లల ఏడుపు లేదు, దగ్గు లేదు. విమానం నిండా జనం, ఊపిరి తీస్తున్న జాడ లేదు.

తలుపు తోసుకుని ఎయిర్ హోస్టెస్ వచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“సార్... మైకు... మీ గ్లాసు...”

ఆయన కిందికి చూశాడు. గ్లాసు అడుగు అంచు మైకు బటన్ మీద నొక్కుకుని ఉంది. చెయ్యి చాచి గ్లాసు తీశాడు. టక్కుమని శబ్దమైంది. ఆ శబ్దం వెనక స్పీకర్లన్నింట్లోనూ మోగడం ఆయన చెవులారా విన్నాడు.

ఆ తర్వాత లేచింది గోల. “దింపండి!” “తలుపు వెయ్యకండి!” “వీడి చేతిలోనా మా పిల్లల్ని పెట్టింది!” జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ మెట్లు దిగారు. స్టీలుగ్లాసు కాక్‌పిట్ గుమ్మంలో నిలబడ్డాడు. చెమటకి చొక్కా వీపుకంటుకుంది. తిట్టినవాళ్ళని చూస్తూ నిలబడగలిగాడు. చివర్లో ఒక ముసలావిడ చేతికర్ర ఊతంగా వచ్చి, ఆగి, ఆయన మొహంలోకి చూసింది.

“నాయనా, ఇంటికెళ్ళి పడుకో” అంది.

ఆ మాటకి మాత్రం ఆయన గోడ పట్టుకున్నాడు.

కింద బామ్మర్ది విమానం కడుపులోంచి తల బయటపెట్టాడు. ఎక్కించిన పెట్టెలన్నీ తిరిగి దింపమంటున్నారు. మెట్లు దిగుతున్న బావని చూసి ఏదో అనబోయి, ఆ మొహం చూసి మింగేశాడు. దెప్పడానికి అంత మంచి అదును దొరికి కూడా బామ్మర్ది నోరు మెదపకపోవడం చూసి, తన పని ఎంత దూరం పోయిందో స్టీలుగ్లాసుకి అర్థమైంది.

మేనేజరు గదిలో కుర్చీ చూపించలేదు. ఎప్పుడూ భుజమ్మీద చెయ్యేసే మనిషి, బల్ల అవతలే ఉండిపోయాడు.

“మీరు విశ్రాంతి లేకుండా వచ్చినట్టు మాకు చెప్పలేదు” అన్నాడు.

‘మీరు’ అన్నాడు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని స్టీలుగ్లాసు తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

“తమ్ముడూ, పొద్దున ఫోన్ చేసింది నువ్వే కదా?”

“మేం అడుగుతాం. కాదని చెప్పాల్సింది మీరు. రేపు విచారణ. ఒక్కరే రండి. అలసట సంగతి కంపెనీకి చెప్పకుండా దాచానని ఒప్పుకుంటే ఎంతోకొంత చూస్తాం. ఆ తర్వాత మళ్ళీ ఎగరడం, ఎగరకపోవడం పైవాళ్ళ ఇష్టం.”

ఆయన ఇంటికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ముసలావిడ చెప్పినట్టు పడుకోబోయాడు గానీ రెప్ప పడలేదు. కళ్ళు మూస్తే ఆ టక్కుమనే శబ్దం. తమ్ముడి నోట అంతా విన్న భార్య వచ్చి పక్కన కూర్చుంది. “రెప్ప పడిందని నాకైనా చెప్పలేదేం?” అంది. సాయంత్రమైంది. “మీటింగుకి వెళ్ళండి. ఇక్కడ కూర్చుని గోడలకి చెప్తారా?” అని ఆవిడే చొక్కా అందించింది.

హాలు ఇరుకుగా ఉంది. లోడర్ల చేతి తొడుగులు మేకులకి వేలాడుతున్నాయి. చెక్క బెంచీలు, ముందు ఒక బల్ల, బల్ల మీద పాత మైకు. స్టీలుగ్లాసు అడుగు పెట్టగానే మాటలాగిపోయాయి. వెనక బెంచీ మీద కూర్చుని, అలవాటుగా సంచిలోంచి గ్లాసు తీసి చేతిలో పట్టుకున్నాడు. కాసేపటికి గొడవ మళ్ళీ అందుకుంది.

“సంఘమంటే గేటు దగ్గర జెండా పట్టుకుని కూర్చోవాలి. చొక్కా భుజాల మీద ఈ కెప్టెన్ చారలేం కావాలయ్యా?” అన్నాడొక బట్టతల కెప్టెన్.

గుమ్మంలో టీలు పట్టుకుని నిలబడ్డ బామ్మర్ది అందుకున్నాడు. “చారలు ఇస్త్రీ చేయించుకుని కూర్చోండి సార్. మావాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు.”

కొందరు నవ్వారు. ఇంతలో కళ్ళజోడు కుర్రాడొకడు లేచాడు. “ఇవాళ జరిగిందానికి కంపెనీని అడుగుదామంటున్నారు. ఎవరి కోసం? మాకు సెలవులు లేకుండా చేసింది ఈయనే కదా! ఒంట్లో బాలేదని ఫోన్ చేస్తే, ‘స్టీలుగ్లాసు పిలిచినప్పుడల్లా వస్తున్నాడు, నీకేం రోగం?’ అంటాడు మేనేజరు. నా భార్య పురిటికని అడిగినప్పుడూ అదే మాట.”

స్టీలుగ్లాసు తలెత్తాడు. “వాడు... నా పేరు చెప్పి అంటాడా?”

“రోజూ చెప్తాడు సార్.”

హాలంతా తలలూపింది. అందరూ తనని చూసి గర్వపడుతున్నారని అనుకున్నాడిన్నాళ్ళూ. తన పేరు కొరడా అయి వీళ్ళ వీపు మీద పడుతోందని ఊహలో కూడా లేదు. పొద్దున అంతమంది ముందు పోయిన పరువు కంటే ఇది గట్టిగా తగిలింది. లేచి నిలబడ్డాడు. సంఘం వద్దని చెప్పడానికి కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“రేపు నన్ను ఒక్కణ్ణే రమ్మన్నారు. అలసట సంగతి దాచానని ఒప్పుకోమన్నారు” అన్నాడు. “పొద్దున ఫోన్ చేసి పిలిచింది వాళ్ళే.”

ఆ ఫోను వాళ్ళలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందే. బట్టతల కెప్టెన్ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

“రేపు నాకూ ఇంతేనన్నమాట” అన్నాడాయన చివరికి, తనలో తను అనుకున్నట్టు.

“సంఘం కావాలనేవాళ్ళు చెయ్యెత్తండి” అంది కో-పైలట్ అమ్మాయి. తనే ముందు ఎత్తింది. బట్టతల కెప్టెన్ ఎత్తాడు. ఇంకొకరు, ఇంకొకరు. కళ్ళజోడు కుర్రాడు అందరికంటే ఆఖర్న, అయిష్టంగా, మోచెయ్యి దాకా ఎత్తాడు. స్టీలుగ్లాసు ఆ చేతుల మధ్య నిలబడి కళ్ళప్పగించి చూశాడు. తన చెయ్యి ఎప్పుడు లేచిందో తనకే తెలీలేదు.

అమ్మాయి బెంచీల మధ్య నుంచి నడిచి ఆయన ముందుకొచ్చింది.

“రేపు విచారణకి మీ వెంట నేనొస్తున్నా సార్, సంఘం తరఫున. మీరు అన్నీ మీ మీద వేసుకుని వచ్చేస్తారు, నాకు తెలుసు. రెప్ప పడిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు. పిలిచిందెవరో నేనడుగుతా.” కాస్త ఆగి, కాక్‌పిట్‌లో మాట్లాడే గొంతుతో అంది. “నా చేతికొచ్చింది సార్.”

హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ మాట తెలుసు. దాని వెనక రావాల్సిన మాటా తెలుసు. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

“నీ చేతిలోనే ఉందమ్మా” అన్నాడు.

అని బెంచీ మీద కూలబడ్డాడు. సంఘానికి పేరేం పెట్టాలని వాదన మొదలైంది. అది తెగకముందే ఆయన గోడకి జారబడి, నోరు తెరుచుకుని, లోడర్ల తొడుగుల కింద గాఢంగా నిద్రపోయాడు. లేపబోయిన కుర్రాణ్ణి బామ్మర్ది చెయ్యి పట్టుకుని ఆపాడు. బావ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి స్టీలు గ్లాసు తీసుకుని, బల్ల మీద పెట్టబోయి, అక్కడున్న మైకుని చూసి, గ్లాసుని కిటికీలో పెట్టాడు.