నాలుగో ప్లగ్గుకు పెట్టిన బొట్టు

నేను కాలేజీలో చేరడానికి పోతుంటే దారిలో కారు ఆగిపోయిందట, అవ్వ కొబ్బరికాయ మొక్కుకోగానే దానంతటదే కదిలిందట. మావాళ్ళు ఇప్పటికీ ఇట్లాగే చెబుతారు. శుద్ధ అబద్ధం. ఆ కారులో ఉన్నది నేను, అవ్వ, కారు తోలే సాయిబు తాత. ఈ కథ చెప్పేవాళ్ళెవరూ అందులో లేరు.

యాభైల నాటి మాట. ఆ సాయంత్రంలోగా తాము పంపిన కార్డు పట్టుకుని రాకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామని నెల్లూరు కాలేజీ వాళ్ళు రాశారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా నాయన పాత కారులో పోయి, అక్కడ బస్సు అందుకోవాలి. ప్రయాణానికని నాయన ఇంజనులో నిప్పు పుట్టించే ప్లగ్గులు నాలుగు కొత్తవి తెప్పించాడు. మా ఇంట్లో కొత్త ఇనుము ఏదైనా బొట్టు పెట్టించుకోకుండా పనిలోకి దిగదు. అవ్వ ప్లగ్గులనూ తాత పనిముట్లనూ దేవుడి ముందు పరిచి పసుపు కుంకుమలు తడిపి అద్దింది. తాత వాటిని ఇంజనుకు బిగిస్తుంటే, చివర్లో వచ్చి పక్కన నిలబడింది.

కారు మొదటి నుంచీ కుంటుతూనే నడిచింది. వింజమూరు దాటాక ఒక ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది.

"ఏంది సాయిబూ, కొత్తవి ఏసినా ఇదే గతా?" అని అవ్వ కళ్ళు మూసుకుని మొక్కులు మొదలుపెట్టింది.

తాత ఒక్కో ప్లగ్గూ విప్పి నా చేతిలో పెట్టాడు. కొసన చిన్న కమ్మీ, దాని మీదికి వంగిన కొంకి, నడుమ సన్నటి సందు. నిప్పు దూకేది అక్కడేనట. మూడు శుభ్రంగానే ఉన్నాయి. నాలుగోదాని సందులో పసుపు ముద్ద బిగుసుకుపోయింది. తాత కత్తితో గీకేసరికి కొంకి పైకి లేచి సందు పెద్దదైంది. సందు కొలిచే రంపం బ్లేడు ముక్క కోసం చూస్తే, అది ఇంట్లో దేవుడి ముందే ఉండిపోయింది.

"మందం కాగితం ఉండాదా పాపా?"

"కాలేజీ కార్డుండాది. మరకైతే నన్ను రానీయరు తాతా."

"బస్సు పోతే ఆడికి పొయ్యేదెట్లా?"

ఇచ్చాను. తాత నూనె చేతులతోనే కార్డును మడిచి సందులో పెట్టి, కొంకిని గులకరాయితో మెల్లగా తట్టాడు.

"రెండు పొరలే ఎందుకు? మూడు పెడితే?"

"మూడైతే నిప్పు దూకలేదు. ఒకటైతే దూకినా బలం చాలదు."

"ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేంది? మా ఉస్తాదు ఇట్లే చేసినాడు."

తరువాత ఫిజిక్సు లెక్చరరును ఇదే అడిగితే సిలబసులో లేదన్నాడు. తాతే నయం.

"అవ్వ నాలుగింటికీ బొట్టు పెట్టింది కదా, మిగతావాటిదేమైంది?"

"తుడిచినాను."

"మరి ఇదో?"

"ఎక్కు పాపా, బస్సు పోతాది."

తాత ప్లగ్గులు బిగించి హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. "చూసినావా, కాయ మొక్కుకున్నా," అంది అవ్వ. "అవునమ్మా," అన్నాడు తాత. బస్సు అందింది. కాలేజీ గుమాస్తా ఆ నూనె కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, నా పేరు రాసుకున్నాడు.

ఇంజను కుంటుతోందని తాతకు ఇంటి దగ్గరే తెలిసి ఉండాలి. నా సీటు సంగతీ తెలుసు. మూడింటిని తుడిచిన ఆ మనిషి నాలుగోదాన్ని మరిచిపోయాడా, అవ్వ అక్కడే నిలబడి చూస్తున్నదని వదిలేశాడా?