మేడం తగ్గించిన మందు

ఇయ్యాల పొద్దున స్కాన్ రూం తలుపు తెరవంగనే ఏసీ గాలి మెడకు సల్లగ తగిలింది. అప్పుడే ఫోన్ మోగింది. రిజల్ట్! ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసుల పాసైన! అల్వాల్‌ల మా ఖాన్దాన్ మొత్తంల కాలేజీ మెట్లెక్కింది నేనే ముందు. బాపుకు ఫోన్ జేస్తే ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి, "జెర మల్ల చెప్పు బిడ్డా, గట్టిగ చెప్పు, ఈడ అందరు వినాలె" అన్నడు. సంతోషం ఆగుతలేదు. కానీ ఆ సల్లగాలిల నాకు ముందు యాదికొచ్చింది శకుంతల మేడం.

మేడం మా సెంటర్‌ల పెద్ద టెక్నాలజిస్టు. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి సైనిక్‌పురిల ఇల్లు కట్టుకున్నది. పోయినేడు రిటైరైంది. నేను పనిల చేరిన కొత్తల, స్కాన్‌కు మందు ఎంత ఇయ్యాల్నో కంప్యూటరే చెప్తది గద మేడం అన్న. ఆమె కళ్ళద్దాలు మీదికి జరుపుకొని నా దిక్కు చూసింది. "కంప్యూటర్‌కేమమ్మా, దానికి పిల్లాజెల్లా ఉన్నారా? అది చెప్పింది ఇచ్చేస్తే నువ్వెందుకు, నేనెందుకు? ఎంత తక్కువతో పని జరుగుతుందో మనం వెతుక్కోవాలి."

ఆ వెతుకుడు ఏందో మా డాక్టర్ సార్ బ్రౌన్ ఫ్యాట్ మీద పరిశోధన షురూ చేసినప్పుడు తెలిసింది. మామూలు కొవ్వు ఒంట్ల పేరుకుంటది. ఈ బ్రౌన్ ఫ్యాట్ మాత్రం చలి పెడితే చక్కెరను సుత కాల్చి వెచ్చదనం ఇస్తది. పెద్దోళ్ళకు మెడ కింద కొంచెమే ఉంటది. అది కనపడాలంటే మనిషిని చలిల కూసోబెట్టి, రేడియేషన్ ఉన్న చక్కెర మందు సూదిల ఇచ్చి, ఆ మందు ఎక్కడ చేరిందో స్కాన్‌ల చూడాలె. వచ్చేటోళ్ళేమో రోగులు కాదు, ఏ జబ్బు లేని కాలేజీ పోరగాళ్ళు.

"రోగికిస్తే రోగికి లాభం సార్. ఈ పిల్లలకేమొస్తుంది?" అన్నది మేడం.

"మందు తగ్గిస్తే బొమ్మ మసకొస్తది మేడం. అప్పుడు ఇచ్చింది సుత దండుగే గద?" అన్నడు సార్. ఆయన మాట సుత తప్పేం కాదు.

"ఎంత తగ్గిస్తే మసకవుతుందో సీసాల మీద చూద్దామండి. మనుషుల మీదెందుకు?"

ఆ పని నాకు అప్పజెప్పింది. మెడంత లావు డబ్బాల నీళ్ళు పోసి, అందుల మందు కలిపిన చిన్న సీసాలు దించి స్కాన్ తీసేదాన్ని. రోజు రోజుకు మందు తగ్గించుడు, స్కాన్ తీసే టైం పెంచుడు. మనిషికి తీసేటప్పుడు ఒళ్ళంత కాదు, మెడ కాడనే తీయాలని అనుకున్నం. స్కాన్‌తోపాటు పడే ఎక్స్‌రేను సుత మిషన్‌ల ఎంత తక్కువకు పోతే అంతకు దించిన. ఆఖరికి సార్ ఒప్పుకున్నడు కానీ ఒక షరతు పెట్టిండు. మొదటి పిలగాని బొమ్మ మంచిగ రాకుంటే తర్వాతోళ్ళందరికి పూర్తి మందే.

మొదటి పిలగాడు కార్ఖానా ఏరియా నుంచి వాళ్ళమ్మను తోలుకొని వచ్చిండు. సల్లటి నీళ్ళు పారే జాకెట్ తొడిగి కూసోబెట్టిన. సూది తయారైంది. మేడం వచ్చి ఆ పిలగాని ముఖం చూసి ఆగింది.

"ఏం బాబూ, సినిమాకొచ్చినట్టు ఇంత హాయిగా ఉన్నావేమిటి?"

పిలగాడు బయట కూసున్న వాళ్ళమ్మ దిక్కు చూసిండు. చొక్కా గుండీలు విప్పితే లోపల ఉన్ని బనీను, దాని కింద ఇంకోటి!

"ఏం జేస్తమమ్మా, ఊకె సర్ది పట్టే పోరడు. గంట సేపు చలిల కూసోబెడ్తరంటే నా పానం ఆగలే" అన్నది ఆమె తలుపు కాడ నిలబడి.

సార్ గడియారం చూసిండు. "ఇచ్చేద్దాం మేడం. ఈ మందు గంట గంటకు దానంతట అదే బలం తగ్గుతది. ఉన్నదే తక్కువ."

"వెచ్చగా ఉన్నవాడికిస్తే ఏమీ కనపడదు సార్. రేడియేషన్ మాత్రం వాడి ఒంట్లో పడుతుంది. బనీన్లు తీయించి మళ్ళీ మొదటినుంచి చల్లబరుద్దాం." నా దిక్కు తిరిగింది. "అప్పటికి మిగిలే మందు సరిపోతుందా? సీసాలు చూసింది నువ్వు. నువ్వే చెప్పు."

 సరిపోతదని చెప్పినంక బొమ్మ రాకుంటే, ఈ పిలగానికి ఇచ్చింది ఉత్తగ పోతది, ఎనకొచ్చేటోళ్ళకు పూర్తి మందు పడ్తది. సీసాల బొమ్మలన్ని ఒక్కసారి కండ్ల ముందు తిరిగినయ్.

"సరిపోతది మేడం. కాకపోతే టేబుల్ మీద ఇంకొంచెం సేపు పండబెట్టాలె."

"అయితే అంతే చేద్దాం." ఇంకోమాట అడగలే.

పిలగాడు మల్ల చలిల కూసున్నడు. వణుకుడు మొదలైతే మందును కండరాలే గుంజుకుంటయి, బ్రౌన్ ఫ్యాట్‌కు చేరదు. అందుకని మేడం ఎదురుగ కూసొని ముచ్చట పెట్టింది. ఆ పిలగాని మాట వణికినప్పుడల్ల ఒక్క నిమిషం దుప్పటి కప్పేది, మల్ల తీసేది. టైం కాంగనే మిగిలినంత మందు ఇచ్చి, స్కాన్ తీసినం. తెర మీద మెడకు రెండు దిక్కుల బ్రౌన్ ఫ్యాట్ మెల్లగ వెలిగింది. సాఫ్‌గ!

సార్ కుర్చీ గుంజుకొని చూసి చూసి నవ్విండు. వాళ్ళమ్మ తొంగి చూసి, "గదేంది, మా పోరని మెడల బల్బులు పెట్టిండ్రా?" అన్నది.

తర్వాతొచ్చిన ప్రతి పిలగానికి తక్కువ మందుతోనే అయిపోయింది. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు సుత అదే. నా చదువు వల్ల ఎవరికో ఒంట్ల పడాల్సిన రేడియేషన్ పడకుండ పోయింది. ఇంతకన్న పెద్ద సర్టిఫికెట్ నాకేమున్నది?

ఇయ్యాల నాకు ఫోన్ జేసినోళ్ళందరు ఎన్ని మార్కులొచ్చినయ్ అని అడిగిండ్రు. మేడంకు నేనే చేసిన. ముక్కు చీదుకున్న చప్పుడైంది. తర్వాత అడిగింది, "ఇంకా తగ్గించొచ్చా అమ్మా?"

ఫోన్ పెట్టేసి పనిల పడ్డ. సూది చేతిల పట్టుకున్న ప్రతిసారి, కుర్చీల కూసున్న మనిషి ముఖం చూసి అదే మాట నన్ను నేను అడుగుకుంటున్న.