శ్యాంసుందర్‌రావు నోట్లో ముద్ద

శ్యాంసుందర్‌రావు ఏ ఊరికీ పనిమీద పోడు, తిండిమీద పోతాడు. పని దారిలో తగిలితే చేసుకొస్తాడు, తగలకపోతే మరీ సంతోషం. కరీంనగర్ కోర్టులో తన వాయిదా ఎప్పుడో ఆయనకు ఏనాడూ గుర్తుండేది కాదు. ఆ కోర్టు వెనక సందులో తలకాయ కూర ఏ వారం వండుతారో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. సుల్తానాబాద్‌లో ఆయన ఎక్కితే జీపు ఒక పక్కకు ఒరిగేది. డ్రైవర్ మక్బూల్ ఆ పక్క టైరులో గాలి ఎక్కువ కొట్టించి, అల్లా మీద భారం వేసి నడిపేవాడు.

అట్లాంటి మనిషి, మోకాళ్ళు మొరాయించి, డాక్టర్లు గుండె పేరు చెప్పి బెదిరిస్తే, తొంభై నాలుగులో బొంబాయి పోయి కడుపు కుట్టించుకొని వచ్చాడు.

ఊరు ఊరంతా నోరు తెరిచింది. చెల్లెలు జానకీబాయి అయితే గుమ్మంలోనే కూలబడింది.

"కడుపు కుట్టిచ్చుకునుడేందే అన్నా? అదేమన్న గోనెసంచా? తిన్నది యాడికి పోవాలె?"

"మొత్తం కుట్టలేదే పిచ్చిదానా! జర చిన్నగ చేసిండ్రు."

పూటకు ఒక చిన్న గిన్నెడు తినాలన్నారు. ప్రతి ముద్దా నోట్లోనే నీళ్ళయ్యేదాకా నమలాలి. నమిలేటప్పుడు మాట్లాడొద్దు. కడుపు నిండాక ఒక్క ముద్ద ఎక్కువైనా ప్రాణం మీదికి వచ్చినంత నొప్పి, ఒళ్ళంతా చెమటలు. ఇక అన్న తిండి పిచ్చి వదిలినట్టే అనుకుంది జానకీబాయి. వదులుతుందా! పుట్టుకతో వచ్చిన బుద్ధి బొంబాయి డాక్టరు కత్తికి తెగుతుందా?

"ఇన్నొద్దులు ఏది వడితె అది తిన్న. ఇప్పుడు తినేదే గింత. గా గింతన్న మంచిది తినకుంటె ఎట్ల?" అని ఆయన అటక మీది ఉగ్గుగిన్నె దించి, చొక్కా జేబులో పెట్టుకొని తిరగడం మొదలుపెట్టాడు. ఏ హోటల్లో మంచి వంట ఉంటే ఆ హోటల్లో దిగి గిన్నె టేబుల్ మీద పెట్టేవాడు. సర్వర్లు ఆ మీసాలనూ ఆ గిన్నెనూ మార్చి మార్చి చూసేవారు.

"పిల్లగాడు యాడున్నడు దొరా?"

"నేనే. పెట్టు."

ఆ ఎండాకాలం జానకీబాయి కొడుకు ప్రేమ్‌సాగర్‌కు పిల్లను చూడటానికి ఉట్నూర్ పోవలసి వచ్చింది. ఆమెకు భర్త పోయి చాలా ఏళ్ళు. అన్నే పెద్ద దిక్కు. పిల్లవాడికి తలలో తెల్లవెంట్రుకలు కూడా తొంగిచూస్తున్నాయి గానీ, ఆమెకు ఏ పిల్లా నచ్చదు. ఒకతె పొడుగంది, ఒకతె పొట్టి అంది, ఒకతె నవ్విందనీ, ఇంకొకతె నవ్వలేదనీ కాదంది. చూసొచ్చిన ప్రతిసారీ ప్రేమ్‌సాగర్ "నీ ఇష్టమమ్మా" అనేవాడు. ఆ మాట తప్ప వాడికి ఇంకో మాట రాదని జానకీబాయి మురిసిపోయేది కూడా.

వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్ల ఇంట్లో మంచినీళ్ళు తాగవచ్చు గానీ మెతుకు ముట్టరాదు. ముట్టారా, మాట ఇచ్చినట్టే. జీపు ఎక్కకముందే జానకీబాయి అన్నకు ఈ సంగతి ఒట్టు పెట్టించి మరీ చెప్పింది.

"నాకు తెల్వదా?" అన్నాడాయన, గిన్నె తుడుచుకుంటూ.

పెద్దపల్లిలో జీపు ఆగింది, సగం గుడ్డు. మంచిర్యాలలో ఆగింది, చెంచాడు కీమా. జీపు కదిలాక జానకీబాయి అడిగింది.

"అన్నా, పిల్ల బడిల పంతులమ్మనట. ఏమంటవ్?"

ఆయన వేలు పైకెత్తాడు. నమలడం కాలేదని అర్థం. లక్సెట్టిపేట వచ్చింది, వేలు దిగలేదు. జానకీబాయి మనసులో నూరు దేవుళ్ళకు మొక్కుకుంది. చివరికి గుటక వేసి ఆయన గంభీరంగా చెప్పాడు.

"కీమల ఉప్పు తక్కువైంది."

ఉట్నూర్ పొలిమేరలో మళ్ళీ జీపు ఆపించి, భార్య కట్టిచ్చిన చేపముక్క మొత్తం తిని, మూతి తుడుచుకున్నాడు. "ఇగ పొద్దుగూకేదాంక నా కడుపుల చీమకు గూడ జాగ లేదు" అని ప్రకటించాడు. అమ్మయ్య, గండం గడిచిందనుకుంది జానకీబాయి.

పిల్ల తండ్రి నర్సింగరావు ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. పిల్ల పేరు సుచరిత. చక్కగానే ఉంది, పొడుగూ కాదు, పొట్టీ కాదు. జానకీబాయికి వంక దొరకక గాభరా అయింది.

"పెండ్లైనంక కొలువు మానుతవు గదా బిడ్డా?"

"మాననత్తమ్మా. మీ ఊరి దిక్కు బదిలీ పెట్టుకుంట. మీకు ఇష్టం లేకుంటె ఇప్పుడే చెప్పుండ్రి, కోపం జెయ్య."

ఎప్పుడూ నేల చూపులు చూసే ప్రేమ్‌సాగర్ తలెత్తి ఆ పిల్లను చూసి నవ్వాడు. పళ్ళు కనిపించేటట్టు నవ్వాడు! జానకీబాయికి వచ్చింది కోపం కాదు, భయం. ఇంట్లో వాడు అట్లా నవ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. ఈ నవ్వు ఈ పిల్ల వెంట పోతే తనకు మిగిలేదేమిటి? పైట సర్దుకొని లేచింది.

"మంచిది. పోయినంక కబురు చేస్తం."

ఆ మాటకు అర్థం తెలియనివాళ్ళు రెండు జిల్లాల్లోనూ లేరు. నర్సింగరావు తల దించుకున్నాడు. ప్రేమ్‌సాగర్ మొహంలో నవ్వు ఆరిపోయింది. అయినా తల్లి వెనకే లేచాడు.

అప్పుడు వినపడింది శ్యాంసుందర్‌రావు గొంతు.

"బిడ్డా సుచరితా, తినేతందుకు ఏమన్న ఉన్నదా?"

ఇల్లంతా బిగుసుకుపోయింది. ఆ పిల్ల మాత్రం "ఎంత పెట్టాలె?" అని అడిగి, ఆయన తీసిన ఉగ్గుగిన్నె చూసి నవ్వకుండా లోపలికి పోయింది. పప్పూ అన్నమూ మెత్తగా పిసికి తెచ్చింది. జానకీబాయికి నోరు పెగిలేలోపు ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నా! ఊంచెయ్!" ఆమె పరుగున పోయి, ఉమ్మేస్తే పడేటట్టు ఆయన గడ్డం కింద దోసిలి పట్టింది.

ఆయన వేలు పైకెత్తాడు.

లోపలి నుంచి పిల్ల నాయనమ్మ లీలాబాయి కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. "ఇంకేం ఊంచుడు? నోట్లె వెట్టినంక ఎంగిలి వడ్డట్టే! సంబంధం ఖాయం!"

"ఎట్లైతదమ్మా? మింగలే గదా! మింగితెనే తిన్నట్టు!"

"మా కాలంల గిట్ల లేకుండె!"

"మీ కాలంల గింతసేపు ఎవలన్న నమిలిండ్రా?"

ఇద్దరూ నర్సింగరావు దిక్కు చూశారు. ఆయన నీళ్ళు నమిలి, "మింగాలె… మింగితె ఖాయం" అన్నాడు. దాంతో అందరి చూపులూ శ్యాంసుందర్‌రావు గొంతు మీద పడ్డాయి. ముద్ద కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు పోయింది. మళ్ళీ కుడికి వచ్చింది. గుమ్మంలో మక్బూల్ ఆగలేక, మింగెయ్యమని ఉర్దూలో అరిచాడు.

"నిగలో సాబ్, నిగలో!"

గుటక్! గొంతుముడి కిందికి దిగడం అందరూ చూశారు. "పసుపు కుంకుమ తేండ్రి!" అని లీలాబాయి కేక పెట్టింది.

జానకీబాయి అన్నను రెక్కపట్టి వెనక అరుగు మీదికి లాక్కుపోయింది. కడిగేద్దామని నోరు తెరిచి, ఆగిపోయింది. ఆయన స్తంభానికి ఆనుకొని, రెండు చేతులా కడుపు పట్టుకొని ఉన్నాడు. మొహం పాలిపోయింది, చొక్కా చెమటతో తడిసింది.

"ఇప్పుడే తింటివి గదనే! ఆకలెట్ల అయింది నీకు?"

"ఆకలా? చస్తున్ననే నొప్పితోటి."

"మరెందుకు తిన్నవ్?"

"వాని మొకం జూసిన. వాడు అడగడు, నువ్వు ఇయ్యవు. నడుమ తిండివోతును నేను ఒక్కన్ని ఉంటిని."

"నలుగుర్ల నా మాట పోయె గదా!"

"నీ మాటెందుకు పోతది? మా అన్న నోరు గట్టుకోలే, గందుకే చేసుకోవలసి వచ్చిందని చెప్పు. జిల్లా జిల్లా నమ్ముతది." ఆయన ఒక మూలుగు మూలిగి, మళ్ళీ అన్నాడు. "వాడు నిన్ను ఇడిసి యాడికి పోతడే? నీ చేతి పచ్చిపులుసు ఇడిసి ఎవడన్న పోతడా?"

జానకీబాయికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో అన్న నుదురు తుడిచి, అరుగు మీద పడుకోబెట్టి లోపలికి వచ్చింది.

విస్తళ్ళు వేశారు. పొద్దుటినుంచీ ఖాళీ కడుపుతో ఉన్న జానకీబాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. సుచరిత గరిటె పట్టుకొని పక్కనే నిలబడింది. ప్రేమ్‌సాగర్ తినడం మాని తల్లినే చూస్తున్నాడు. ఆమె నిదానంగా నమిలి మింగింది.

"పప్పు ఇంకింత వెయ్యి బిడ్డా," అంది. "బడికి నీకు సద్ది నేనే కడతగని, ఏ కూర తింటవో ఇప్పుడే చెప్పు."

"గుత్తొంకాయ, అత్తమ్మా."

వెనక అరుగు మీద మూలుగు ఠక్కున ఆగింది.

"గుత్తొంకాయా? ఎప్పుడు వండుతున్నరే?"