మూడో కుర్చీలో చెల్లో

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే ద్రాక్షతోటలు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి బంగ్లా. అలాంటి ఒక బంగ్లాలో మా తాత తోటమాలి. నల్గొండ పల్లె నుంచి నన్ను ఆయన దగ్గరకు తెచ్చి నెలైనా కాలేదు. బంగ్లా యజమానురాలు సికింద్రాబాద్‌లో పిల్లలకు పియానో నేర్పేది. అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. ఆమె భర్త చెల్లో వాయించేవాడట. చెల్లో అంటే పదేళ్ళ పిల్లాడంత వయొలిన్ అనుకోండి, కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించాలి. నేను వచ్చేనాటికి ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఆ ఏడాది తిరిగిన ఆదివారం సాయంత్రం హాల్లో కచేరీ పెట్టారు. పియానో, వయొలిన్, చెల్లో ముగ్గురూ కలిసి వాయించాల్సిన సంగీతమది. ఎప్పుడో పరాయి దేశంలో ఎవరో ప్రేమలో మునిగి రాసిందట. టీచరమ్మ పియానో దగ్గర కూర్చుంది, స్నేహితుడొకాయన వయొలిన్ పట్టుకున్నాడు. మూడో కుర్చీకి చెల్లోను ఆనించి ఉంచారు. ఇంకొకరిని పిలవలేదు. చెల్లో ఒంటరిగా పాడాల్సిన చోటు రాగానే ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, లెక్క తప్పకుండా ఆగేవారు. వచ్చినవాళ్ళు ఆ నిశ్శబ్దంలో కదలకుండా కూర్చునేవారు. కిటికీ అవతల కాకులు కూడా అరవలేదు.

తలుపు దగ్గర తాత పక్కన నిలబడ్డ నాకు మాత్రం నిశ్శబ్దం వినబడలేదు. మూడో కుర్చీ వైపు నుంచి ఏదో సన్నగా, గొంతులోనే పాడుకుంటున్నట్టు వచ్చింది. "తాతా, గా పెద్దది మోగుతున్నది!" అని పైకే అనేశాను.

ముందు వరుసలో ఒకాయన నవ్వాడు. "మాలి మనవడికి దయ్యం కనబడ్డట్టుంది" అన్నాడు. మా తాతకు పని పోతుందన్న భయం. నా చెవి పట్టుకుని మెలిపెట్టి, "ఏందిర, అబద్ధాలు మొదలువెట్టినవ్? ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు. చెవి నొప్పి మర్చిపోయాను గానీ, ఆ మాట అరవై ఏళ్ళు దాటినా నన్ను కాలుస్తూనే ఉంది. నేను ఆడింది అబద్ధం కాదు!

టీచరమ్మ నవ్వలేదు. "ముందు ఆ చెవి వదులు, వాడికి దాంతో పనుంది" అంది తాతతో. నన్ను పిలిచి నా అరచేతిని చెల్లో చెక్క మీద పెట్టింది. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయొద్దంది. పియానో మీద అడుగున ఉన్న ఒక్క స్వరం నొక్కి వదిలింది. ఎవరూ ముట్టని చెల్లోలో లావుపాటి తీగ వణికింది. చెక్క నా చేతి కింద ప్రాణమున్న మేకపిల్ల పొట్టలా అదిరింది. ఎవరో ఆడమనిషి కొంగు తలమీదికి లాక్కుంది.

"తన స్వరం వినబడితే తీగ దానంతటదే పలుకుతుంది. పిల్లవాడు నిజమే చెప్పాడు" అంది టీచరమ్మ అందరితో. నవ్వినాయన కిటికీ వైపు చూశాడు. తర్వాత టీచరమ్మ నా మీదికి వంగి, నాకొక్కడికే వినబడేలా అడిగింది. "ఇంకేమైనా విన్నావా బాబూ?"

ఆమె కళ్ళు ఆ జవాబు కోసం ఏడాదిగా కాచుకున్నట్టున్నాయి. నేను తాత వైపు చూశాను. "లేదమ్మా" అన్నాను. ఆ రోజు నేనాడిన అబద్ధం అదొక్కటే.

నేను విన్నది ఒక్క స్వరం కాదు. ఎక్కుతూ, తడబడి, దిగివచ్చిన ఒక పూర్తి వరస. బడికి పోని నేను తర్వాత పాత పుస్తకాలు కూడబలుక్కుని చదివి, తీగ అలా పలకడాన్ని అనునాదం అంటారని నేర్చుకున్నాను. అనునాదం స్వరాన్ని పలికిస్తుంది. పాట ఎలా పాడిస్తుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

మొన్న ఎల్‌బీ నగర్‌లో ముగ్గురు కుర్రాళ్ళు పియానో, వయొలిన్, చెల్లో కలిపి పియానో ట్రియో కచేరీ చేస్తే వెళ్ళాను. "ఈ వయసుల రొమాంటిక్ మ్యూజిక్ ఏంది తాతా?" అని గేటు దగ్గరి పిల్లాడు వేళాకోళం. వాడితో తర్వాత చెబుతానన్నాను. రెండో భాగంలో పియానో, వయొలిన్ ఆగాయి. చెల్లో అబ్బాయి విల్లు ఎత్తకముందే ఆ వరస కూనిరాగంగా నా నోట్లో కదిలింది. అతను అదే వాయించాడు. ఎక్కడం, తడబడటం, దిగడం, అన్నీ. ముందు కుర్చీలో ఆవిడ వెనక్కి తిరిగి ఉష్ అంది. నా చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది.

టీచరమ్మ ఇప్పుడు లేదు. ఆమెకు చేరాల్సిన ఆ వరస ఇంకా నా దగ్గరే ఉంది. అందుకే మా ఇంట్లో ఏ పిల్లవాడు ఎంత వింత చెప్పినా వాడి చెవి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను. పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను: "ఇంకేం విన్నవ్ బిడ్డా?" వాడు చెప్పేదాకా లేవను.