ఎవలకన్న అన్నం పెట్టిండా?

కోరుట్ల కాలేజీలో మా తెలుగు మేడం వ్యాసం రాయనిచ్చే ముందు ప్రణాళిక చూసేది. మా పాఠంగా ఉన్న నాటకంలో చెల్లెలి చదువు మాన్పించిన అన్న మీద నేను కసికొద్దీ నాలుగు పాయింట్లు రాసుకెళ్లాను: క్రూరుడు, స్వార్థపరుడు, అహంకారి, మోసగాడు.

ఏ విలన్ గురించైనా ఆమె ముందు అడిగేది ఒకటే.

"గాయన ఎవలకన్న అన్నం పెట్టిండా?"

వెతికాను. రెండో అంకంలో, జ్వరంతో ఉన్న చెల్లెలికి జావ కాచి తాగించాడు.

"గది గూడ రాయి బిడ్డా. తప్పు తప్పే. గని మనిషిని సగమే చూసి తీర్పు రాయకు."

ఆ శనివారం ఇంటికని సిరిసిల్ల బస్సెక్కాను. నన్ను కాలేజీ మాన్పించాలని చూసిన మా అన్నతో ఆర్నెల్లుగా మాటల్లేవు. గుమ్మంలోనే అడిగాను.

"తిన్నవా, అన్నా?"

అన్న లేచి, రెండు కంచాలు కడిగి తెచ్చాడు.